కల్పిత రాజ్యానికి న్యాయశాఖను నిర్మించడం ఎలా?

నవల కోసమో, నాటకం కోసమో, న్యాయ కళాశాలలో జరిపే నమూనా శాసనసభ కోసమో లేని రాజ్యాన్ని ఒకదానిని సృష్టించుకునేవారు పటం గీస్తారు, రాజధానికి పేరు పెడతారు, సైన్యాన్ని, నాణేలను, పండుగలను కూడా ఓపికగా రూపొందిస్తారు. న్యాయశాఖ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘న్యాయమంత్రి’ అని ఒక్క మాట రాసి ముందుకు సాగిపోతారు. ఆ తర్వాత కథలో మొదటి అరెస్టు జరిగిన క్షణం నుంచి చిక్కులు మొదలవుతాయి. పోలీసులు ఎవరి మాట వింటారు, కేసు పెట్టాలా వద్దా అన్నది ఎవరు తేలుస్తారు, మంత్రి తలచుకుంటే జడ్జిని మార్చగలడా అనే ప్రశ్నలకు ఒక అధ్యాయంలో ఒక జవాబు, మరో అధ్యాయంలో దానికి విరుద్ధమైన జవాబు వస్తాయి. ఆ పరిస్థితి రాకుండా న్యాయశాఖ స్వరూపాన్ని, అధికారాలను, వాటి హద్దులను ముందుగానే నిర్ణయించుకునే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

చర్చ గాలిలో తేలిపోకుండా ఒక ఉదాహరణను పెట్టుకుందాం. తూర్పు తీరాన, నలభై లక్షల జనాభాతో, ఒక పెద్ద రేవు పట్టణంతో, ఐదు జిల్లాలతో ఉన్న చిన్న రాజ్యాన్ని ఊహించి దానిని సాగరసీమ అని పిలుద్దాం. అక్కడ ఒకప్పుడు రాజుల పాలన ఉండేది, తర్వాత పరదేశీ వర్తకుల పెత్తనం వచ్చింది, ఇప్పుడు ఎన్నికైన ప్రభుత్వం ఉంది. ఈ మూడు దశలూ ఎందుకు ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

మొదట అధికారాలు, తర్వాతే పదవులు

చాలామంది చేసే పని పదవుల పట్టికతో ప్రారంభించడం. పైన మంత్రి, కింద కార్యదర్శి, ఆ కింద సంచాలకులు అని గీతలు గీసుకుంటే చూడటానికి బాగానే ఉంటుంది కాని దానివల్ల కథకు గాని, రాజ్యాంగానికి గాని ఉపయోగం తక్కువ. ముందుగా న్యాయానికి సంబంధించిన పనులన్నింటినీ విడివిడిగా రాసుకోవాలి. చట్టాల ముసాయిదా తయారీ, ప్రభుత్వానికి న్యాయ సలహా, ప్రభుత్వం తరఫున కోర్టుల్లో వాదన, నేరాల దర్యాప్తు, ప్రాసిక్యూషన్ (నిందితుడి మీద కేసును కోర్టులో నడపడం), విచారించి తీర్పు చెప్పడం, కోర్టుల భవనాలు, సిబ్బంది, జీతాల నిర్వహణ, జైళ్లు, పేదలకు న్యాయ సహాయం, చివరగా క్షమాభిక్ష. ఇన్ని పనులనూ ఒకే శాఖకు అప్పగించిన ప్రజాస్వామ్య దేశం ఏదీ నాకు కనిపించలేదు. నియంతృత్వాన్ని చిత్రించదలచినవారు మాత్రం అప్పగించవచ్చు, అప్పుడది తెలిసి చేసిన నిర్ణయం అవుతుంది.

తర్వాత ప్రతి పని పక్కనా మూడు ప్రశ్నలకు జవాబులు రాయాలి. దీనిని ఎవరు మొదలుపెట్టగలరు? ఎవరు ఆపగలరు? ఆపినవారు ఎవరికి సంజాయిషీ చెప్పాలి? వీటిలో రెండవ ప్రశ్న మీదే ఎక్కువ సమయం వెచ్చించాలని నా గట్టి అభిప్రాయం. ఒక శాఖ బలం అది ఎన్ని కేసులు పెట్టగలదన్న దానికంటే, పెట్టిన కేసును ఎవరు ఆపించగలరన్న దానిలో స్పష్టంగా తెలుస్తుంది. సాగరసీమలో కస్టమ్స్ అధికారి ఒకరు మంత్రి బావమరిది ఓడను పట్టుకున్నాడనుకోండి. కేసు నమోదు కావడం అక్కడ పెద్ద విషయం కాదు. ఆ కేసు మూడు నెలల తర్వాత కూడా నడుస్తూ ఉంటుందా లేదా అన్నదే ఆ రాజ్యం స్వభావాన్ని చెబుతుంది.

అధికారం ఎక్కడినుంచి వచ్చిందో తేల్చుకోవడం

న్యాయశాఖ శూన్యంలోంచి పుట్టదు. పాత వ్యవస్థల అవశేషాలు దానిలో పొరలుగా మిగిలి ఉంటాయి, నమ్మదగిన కల్పనకు ఆ పొరలే ఆధారం. రాజుల కాలానికి నమూనా కావాలంటే మనవాళ్లు దూరం వెళ్లనవసరం లేదు. కౌటిల్యుని అర్థశాస్త్రం వ్యక్తుల మధ్య వచ్చే తగవులను ‘ధర్మస్థీయం’ అనే అధికరణంలోను, సమాజానికి ముల్లులా తయారైనవారిని ఏరివేసే పనిని ‘కంటకశోధనం’ అనే మరో అధికరణంలోను విడదీసి చెప్పింది. మొదటి దానికి ధర్మస్థులనే న్యాయాధికారులు ముగ్గురు, రెండవ దానికి ప్రదేష్టలనే అధికారులు ముగ్గురు ఉంటారు. అంతకంటే ఆసక్తికరమైన విషయం, ధర్మస్థుడు కక్షిదారును బెదిరించినా, గద్దించినా, బయటికి పంపించినా అతనికే జరిమానా వేయాలని, చెప్పిన మాటను సరిగా రాయని లేఖకుడిని కూడా దండించాలని ఆ గ్రంథం విధించింది. న్యాయం చెప్పేవాడి మీద నిఘా ఎవరిదన్న ప్రశ్న అంత పాతది. తెలుగులో ధర్మశాస్త్ర పరిభాష కోసం వెతికేవారికి పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన మితాక్షర అనే సంస్కృత ధర్మశాస్త్ర వ్యాఖ్యానాన్ని పద్యాల్లోకి తెచ్చిన విజ్ఞానేశ్వరీయం ఉండనే ఉంది. ప్రాడ్వివాకుడు (న్యాయమూర్తి), సభ్యులు, సాక్షులు వంటి మాటలను అక్కడినుంచి తెచ్చుకుంటే రాజుల కాలపు సాగరసీమకు సహజమైన భాష దొరుకుతుంది.

పరదేశీ పాలన విడిచిపెట్టిన పొరను కూడా మరచిపోకూడదు. మన కోర్టుల్లో ఇప్పటికీ సమన్లు అందించే అమీనా, కోర్టు డబ్బు లెక్కలు చూసే నాజరు, కక్షిదారు ప్లీడరుకు సంతకం పెట్టి ఇచ్చే వకాల్తా ఉన్నాయి. వీటిలో పారశీక, అరబ్బీ మాటలు ఉన్నాయి, వాటి పైన ఇంగ్లీషు వారి విధివిధానాలు ఉన్నాయి, ఆ పైన మన రాజ్యాంగం ఉంది. సాగరసీమలో కూడా పదవుల పేర్లలో మూడు కాలాల జాడలూ కలిసి ఉంటే పాఠకుడు ఆ రాజ్యాన్ని నమ్ముతాడు. అన్నీ ఒకే రోజు, ఒకే భాషలో పెట్టినట్టు కనిపించే పేర్లు నమ్మకాన్ని చెడగొడతాయి.

మూడు దేశాల నమూనాలు

అమెరికాలో 1789 నాటి న్యాయవ్యవస్థ చట్టం అటార్నీ జనరల్ పదవిని సృష్టించింది కాని ఆయనకు శాఖ ఏదీ ఇవ్వలేదు. అంతర్యుద్ధం తర్వాత ప్రభుత్వం మీదా, ప్రభుత్వం తరఫునా వ్యాజ్యాలు విపరీతంగా పెరిగి, ప్రైవేటు న్యాయవాదులకు చెల్లించే ఫీజులు భారమై, చివరికి 1870లో న్యాయశాఖ ఏర్పడింది. అంటే పదవికీ శాఖకూ మధ్య ఎనభై ఏళ్ల దూరం ఉంది. ఆ శాఖలో నేడు ప్రాసిక్యూటర్లు, ఫెడరల్ దర్యాప్తు సంస్థ (ఎఫ్‌బీఐ), జైళ్ల విభాగం కూడా ఉన్నాయి. జడ్జీలు మాత్రం లేరు.

ఇంగ్లండు దారి వేరు. అక్కడ 1986 వరకు చాలా కేసుల్లో పోలీసులే దర్యాప్తు చేసి, తామే ప్రాసిక్యూషన్ కూడా నడిపించేవారు. 1985 నాటి చట్టంతో క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీసు ఏర్పడి ఆ రెండు పనులనూ విడదీసింది. న్యాయ మంత్రిత్వశాఖ అనే పేరుతో ఒక శాఖ రావడానికి 2007 దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు జైళ్లు హోంశాఖ నుంచి దానికి మారాయి, పోలీసులు హోంశాఖలోనే ఉండిపోయారు.

మన దేశంలో కేంద్ర న్యాయ మంత్రిత్వశాఖ ప్రధానంగా న్యాయ సలహా, శాసనాల ముసాయిదా, న్యాయమూర్తుల నియామకాలకు సంబంధించిన ఫైళ్ల పని చూస్తుంది. పోలీసులు ఆ శాఖ కింద ఉండరు. రాష్ట్రాల్లో పోలీసులు, జైళ్లు హోంశాఖ పరిధిలోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ న్యాయశాఖ కార్యదర్శిగా సాధారణంగా జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి వస్తారు. కార్యనిర్వాహక వర్గం నడుమ న్యాయవ్యవస్థ నుంచి వచ్చిన మనిషి కూర్చోవడమన్న ఈ ఏర్పాటు కథకులకు ఎంతో ఉపయోగపడుతుంది. ఆ అధికారి రేపు తిరిగి న్యాయస్థానానికి వెళ్లవలసినవాడు, ఈ రోజు మాత్రం మంత్రి ముందు ఫైలు పెట్టి నిలబడవలసినవాడు.

సాగరసీమకు ఈ మూడింటిలో దేనినైనా ఎంచుకోవచ్చు, కలపనూ వచ్చు. ఒక్క నియమం పాటిస్తే చాలు. పోలీసు, ప్రాసిక్యూటర్, జడ్జి ముగ్గురి జీతాలూ బదిలీలూ ఒకే మంత్రి సంతకంతో జరిగే ఏర్పాటు చేస్తే, ఆ రాజ్యంలో కోర్టు దృశ్యాలకు ఉత్కంఠ ఉండదు. తీర్పు ముందే తెలిసిపోతుంది.

మంత్రి, కార్యదర్శి, ప్రభుత్వ న్యాయవాది

ఈ ముగ్గురినీ కలిపేయడం తరచుగా కనిపించే లోపం. మంత్రి రాజకీయ నాయకుడు, శాసనసభకు జవాబుదారీ. కార్యదర్శి శాశ్వత ఉద్యోగి, ఫైలు మీద తన అభిప్రాయాన్ని నోటు రూపంలో రాసి పెట్టవలసినవాడు. అడ్వకేట్ జనరల్ రాష్ట్ర ప్రభుత్వం తరఫున వాదించే న్యాయవాది. మన రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం ఆ పదవికి హైకోర్టు జడ్జి కాదగిన అర్హత ఉండాలి, గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలమే పదవిలో ఉంటారు. ప్రభుత్వం మారగానే అడ్వకేట్ జనరల్ రాజీనామా చేయడం మనం పత్రికల్లో చదివే మామూలు వార్తే.

కార్యదర్శి రాసే నోటు చిన్న విషయంగా కనిపిస్తుంది కాని, నా దృష్టిలో సాగరసీమ న్యాయశాఖలో అతి విలువైన కాగితం అదే. మంత్రి సలహాను తోసిపుచ్చవచ్చు కాని నోటు ఫైలులో మిగిలిపోతుంది. పదేళ్ల తర్వాత మరో ప్రభుత్వం, లేదా కోర్టు ఆ ఫైలును తెప్పించుకున్నప్పుడు ఎవరు ఏమి చెప్పారో బయటపడుతుంది. కనుక మీ రాజ్యంలో మౌఖిక ఆదేశాలు చెల్లుతాయా, రాతపూర్వకంగానే ఇవ్వాలా అన్నది చట్టంలో ఒక వాక్యంగా రాసుకోండి.

ప్రాసిక్యూషన్: అసలు బరువంతా ఇక్కడే

కేసు దర్యాప్తు ముగిసి చార్జిషీటు దాఖలైన తర్వాత దానిని కోర్టులో నడిపించేది పబ్లిక్ ప్రాసిక్యూటర్. కల్పిత రాజ్యాల్లో ఈ పాత్ర దాదాపుగా కనిపించదు. పోలీసు పట్టుకుంటాడు, జడ్జి శిక్ష వేస్తాడు. మధ్యలో ఉన్న మనిషి మాయమైపోతాడు. వాస్తవంలో వ్యవస్థ నిజాయితీ అంతా ఆ మధ్య మనిషి మీద ఆధారపడి ఉంటుంది.

మొదటి నిర్ణయం, ప్రాసిక్యూటర్‌కు కేసు నడపడం విధా, లేక విచక్షణా? ఇటలీ రాజ్యాంగం 112వ అధికరణం నేరాభియోగాన్ని కోర్టు ముందుకు తేవడం ప్రాసిక్యూటర్ విధి అని చెబుతుంది. అమెరికాలో విచక్షణ చాలా విశాలం. విధి అంటే సమానత్వం కనిపిస్తుంది, కాని కేసులు గుట్టలుగా పేరుకున్నప్పుడు ఏది ముందు తీయాలన్న ఎంపిక చాటుగా జరుగుతుంది. విచక్షణ అంటే ఎంపిక బాహాటంగా ఉంటుంది, కాని దానిని ఎవరు ప్రభావితం చేస్తున్నారో చూసుకోవాలి.

రెండవ నిర్ణయం, మంత్రి ప్రాసిక్యూటర్‌కు ఆదేశాలు ఇవ్వవచ్చా? జర్మనీలో న్యాయశాఖలు ప్రాసిక్యూటర్లకు ఆదేశాలు ఇవ్వగల వీలు చట్టంలో ఉంది. ఆ కారణం చేతనే, ఐరోపా అరెస్టు వారెంటు జారీచేయడానికి కావలసిన స్వతంత్రత ఆ ప్రాసిక్యూటర్లకు లేదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2019 మే నెలలో తీర్పు చెప్పింది. ఆదేశం నిజంగా ఇచ్చారా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాలేదు. ఇవ్వగల వీలు ఉండటమే సరిపోయింది. సాగరసీమ పొరుగు దేశాలతో నేరస్థుల అప్పగింత ఒప్పందాలు చేసుకోవాలనుకుంటే ఈ విషయం నేరుగా దాని విదేశాంగ విధానాన్ని తాకుతుంది.

మన దేశంలో ఈ చర్చ ఇంకా ముగియలేదు. ప్రాసిక్యూటర్లు పోలీసు శాఖ అదుపులో ఉండరాదని, వారికి వేరే వ్యవస్థ కావాలని సుప్రీంకోర్టు 1995లో ఎస్.బి. షహానే కేసులో చెప్పింది. 2005 సవరణతో ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ అనే ఏర్పాటు క్రిమినల్ ప్రొసీజర్ కోడులోకి వచ్చింది. డైరెక్టర్ నియామకానికి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సమ్మతి కావాలని అప్పటి నిబంధన. ఆ కోడు స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత డైరెక్టర్‌కు పదిహేనేళ్ల న్యాయవాద అనుభవం, లేదా సెషన్స్ జడ్జిగా పనిచేసి ఉండటం అర్హతగా పెట్టింది కాని, ప్రధాన న్యాయమూర్తి సమ్మతి అన్న మాట అందులో లేదు. డైరెక్టరేట్ హోంశాఖ పాలనా నియంత్రణలోనే ఉంటుంది. సాగరసీమ చట్టం రాసేటప్పుడు నేనైతే ఆ సమ్మతిని తిరిగి చేర్చుతాను, డైరెక్టరేట్‌ను పోలీసులున్న శాఖ నుంచి పక్కకు తీస్తాను.

మూడవది, అన్నింటికంటే పెద్దది, కేసు ఉపసంహరణ. ప్రభుత్వం మారినప్పుడు పాత కేసులు ఎత్తివేయడం తెలుగు పాఠకులకు పరిచయమైన విషయమే. చట్టం దీనికి రెండు తలుపులు పెట్టింది. ఉపసంహరణకు దరఖాస్తు చేయవలసింది ప్రభుత్వం కాదు, ప్రాసిక్యూటర్, అదీ తన స్వంత ఆలోచనతో. దానికి కోర్టు అనుమతి కూడా కావాలి. కొత్త సంహిత మూడవ తలుపు చేర్చింది. బాధితుల వాదన వినకుండా కోర్టు అనుమతి ఇవ్వరాదు. ఈ తలుపులు నిజంగా పనిచేస్తాయనడానికి కేరళ ఉదాహరణ ఉంది. 2015లో అక్కడి శాసనసభలో బడ్జెట్ సమయంలో జరిగిన విధ్వంసంపై ఎమ్మెల్యేల మీద పెట్టిన కేసును తర్వాతి ప్రభుత్వం ఎత్తివేయాలనుకుంది, 2021 జులైలో సుప్రీంకోర్టు అందుకు ఒప్పుకోలేదు.

మీ రాజ్యంలో ఈ తలుపులు ఎన్ని ఉండాలో, ఏ తలుపుకు తాళం ఎవరి దగ్గర ఉండాలో వివరంగా రాసుకోండి. ఒకే తలుపు ఉంటే లంచంతో పని జరిగిపోతుంది. మరీ ఎక్కువ తలుపులుంటే నిజంగా తప్పుడు కేసులో ఇరుక్కున్న అమాయకుడు కూడా బయటపడలేడు. ఈ రెండవ ప్రమాదాన్ని చాలామంది పట్టించుకోరు.

పదవి నుంచి తీసివేసే అధికారం

1973 అక్టోబరు 20న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తనపై విచారణ జరుపుతున్న ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ను తొలగించాలని అటార్నీ జనరల్ ఇలియట్ రిచర్డ్‌సన్‌ను ఆదేశించాడు. ఆయన నిరాకరించి రాజీనామా చేశాడు. తర్వాతి స్థానంలోని విలియం రకల్‌షాస్ కూడా ఒప్పుకోలేదు. మూడవ స్థానంలో ఉన్న సొలిసిటర్ జనరల్ రాబర్ట్ బోర్క్ ఆ పని పూర్తిచేశాడు. ఈ ఒక్క రాత్రి మన నిర్మాణానికి రెండు విషయాలు నేర్పుతుంది. నిజాయితీపరుడైన అధికారి రాజీనామా చేస్తే తర్వాత సంతకం పెట్టేది ఎవరన్న వరుస ముందే చట్టంలో ఉండాలి, ఎందుకంటే ఒత్తిడి ఆ వరుసలోనే కిందికి జారుతుంది. రెండవది, తొలగింపుకు కారణం చూపాలా వద్దా అన్న ఒక్క వాక్యం చట్టం మొత్తం బరువును మార్చేస్తుంది.

మన దగ్గర సీబీఐ డైరెక్టర్‌కు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని 1997లో వినీత్ నారాయణ్ తీర్పు చెప్పింది. అమెరికాలో ఎఫ్‌బీఐ డైరెక్టర్‌కు పదేళ్ల కాలపరిమితిని 1976లో చట్టంగా చేశారు. మొదటిది త్వరగా మార్చేయకుండా ఆపడానికి, రెండవది మరీ ఎక్కువకాలం ఉండిపోకుండా ఆపడానికి. సాగరసీమలో ఏ భయం ఎక్కువో తేల్చుకుని దానికి తగిన అంకె వేయండి.

డబ్బు విషయం కూడా ఇక్కడే చూడాలి. మన రాజ్యాంగంలో హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు రాష్ట్ర సంచిత నిధి మీద నేరుగా పడతాయి, శాసనసభ వాటిమీద ఓటు వేయదు. కిందికోర్టుల భవనాలు, సిబ్బంది మాత్రం బడ్జెట్ కేటాయింపుల మీదే ఆధారపడతాయి. కోర్టు హాలు లేక జడ్జి ఖాళీగా కూర్చునే పరిస్థితిని ప్రభుత్వం ఏ ఆదేశమూ ఇవ్వకుండానే సృష్టించగలదు. సిబ్బంది లెక్కకు ఒక కొలత కావాలంటే, పది లక్షల జనాభాకు యాభై మంది జడ్జిలు ఉండాలని 1987లో లా కమిషన్ తన 120వ నివేదికలో సూచించింది. ఆ లెక్కన సాగరసీమకు రెండు వందల మంది జడ్జిలు కావాలి. మన దేశం నేటికీ ఆ లక్ష్యానికి చాలా దూరంలో ఉంది కనుక, మీరు ఎనభై మందితో సరిపెట్టి, వాయిదాల మీద వాయిదాలు పడే రాజ్యాన్ని చిత్రించినా అది అతిశయోక్తి కాదు.

దర్యాప్తు సంస్థలు, వాటి సరిహద్దులు

సాగరసీమ ఒక సమాఖ్యలో భాగమైతే కేంద్ర దర్యాప్తు సంస్థ రాష్ట్రంలో అడుగుపెట్టడానికి ఎవరి అనుమతి కావాలో రాసుకోవాలి. సీబీఐ 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు వ్యవస్థ చట్టం కింద పనిచేస్తుంది, దాని 6వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర సమ్మతి కావాలి. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో ఆ సాధారణ సమ్మతిని, అంటే ప్రతి కేసుకూ విడిగా అడగనవసరం లేని సమ్మతిని, ఉపసంహరించుకుంది, ప్రభుత్వం మారాక 2019లో పునరుద్ధరించింది. తెలంగాణ 2022లో ఉపసంహరించుకుంది. హైకోర్టు గాని, సుప్రీంకోర్టు గాని ఆదేశిస్తే ఈ సమ్మతితో పనిలేదు. ఒక్క సెక్షన్ చుట్టూ ఇంత రాజకీయం తిరుగుతుందన్నది గమనించదగిన విషయం.

ప్రభుత్వ ఉద్యోగుల మీద కేసు నడపడానికి ప్రభుత్వం నుంచి ముందస్తు మంజూరు (అనుమతి) కావాలా అన్నది మరో కీలక విషయం. మంజూరు ఇవ్వకుండా ఫైలును ఏళ్ల తరబడి తొక్కిపెట్టడం సులువైన మార్గం కనుక, కొత్త సంహిత 120 రోజుల గడువు పెట్టి, అప్పటికీ నిర్ణయం తీసుకోకపోతే మంజూరు ఇచ్చినట్టే భావించాలని చెప్పింది. మౌనానికి ఏ అర్థం చెప్పాలన్నది మీ చట్టంలో ప్రతి గడువు దగ్గరా స్పష్టం చేయండి.

ముసాయిదా విభాగం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులైన శాసన రచయితలు, అనువాదకులు, గెజిట్ ప్రచురణ బాధ్యత చూసే ఒక అధికారి ఉంటే చిన్న రాజ్యానికి సరిపోతుంది.

జైళ్లు, న్యాయ సహాయం, క్షమాభిక్ష

2022 చివరినాటి అధికారిక లెక్కల ప్రకారం మన జైళ్లలో ఉన్నవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. ఇది చదివిన తర్వాత కూడా కల్పిత రాజ్యపు జైలును శిక్ష పడిన దొంగలతో మాత్రమే నింపడం సరికాదు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో బీహారు జైళ్ల నుంచి బయటపడిన విషయాలు దేశాన్ని కదిలించాయి. తమపై మోపిన నేరానికి పడగల గరిష్ఠ శిక్షకంటే ఎక్కువకాలం విచారణ లేకుండా జైల్లో మగ్గినవారు అక్కడ ఉన్నారు. వేగవంతమైన విచారణ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు ఆ సందర్భంలోనే చెప్పింది. 1987లో న్యాయసేవల అధికార సంస్థల చట్టం వచ్చి, 1995 నుంచి అమలైంది. సాగరసీమలో అరెస్టు అయిన మనిషిని ఎన్ని గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ఎన్ని రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది అన్న రెండు అంకెలూ తప్పనిసరి. మన దగ్గర మొదటిది 24 గంటలు, రెండవది నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజులు. పాత్రల భయానికీ ఆశకూ కాలం కొలిచేది ఈ అంకెలే.

క్షమాభిక్ష రాజుల కాలం నుంచి మిగిలిన అధికారం. దానికి హద్దులు లేవని అనుకోవడం పొరపాటు. ఆంధ్రప్రదేశ్ గవర్నర్ ఒక హత్య కేసు ఖైదీకి శిక్ష తగ్గిస్తూ ఇచ్చిన ఉత్తర్వును 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. సంబంధం లేని విషయాలను లెక్కలోకి తీసుకున్నా, అవసరమైన సమాచారాన్ని పక్కన పెట్టినా, బుద్ధిపూర్వకంగా ఆలోచించకుండా సంతకం పెట్టినా ఆ ఉత్తర్వును కోర్టు పరిశీలించవచ్చని తేల్చింది. ఆ కేసులో హతుడి కొడుకు కోర్టు తలుపు తట్టాడు. క్షమించే అధికారం ఎవరిదైనా, బాధితుల కుటుంబానికి దానిని ప్రశ్నించే దారి ఉందా లేదా అన్నది మీరు తేల్చవలసిన విషయం.

నిర్మాణాన్ని పరీక్షించడం

ఇంతవరకు రాసుకున్నదంతా కాగితం మీద సరిగానే కనిపిస్తుంది. దానిలో మూడు కేసులను మొదటి నుంచి చివరి వరకు నడిపి చూడాలి, ఒక్కొక్క అడుగు దగ్గర ఏ అధికారి, ఏ కాగితం మీద, ఏ గడువులోగా సంతకం పెడతాడో రాస్తూ పోవాలి. మొదటిది మంత్రి బావమరిది ఓడ కేసు. మంత్రి నోటిమాటగా ఆపమంటే, రాతపూర్వకంగా ఆపమంటే, ఏమీ అనకుండా ప్రాసిక్యూటర్‌ను దూరపు జిల్లాకు బదిలీ చేస్తే, మూడు సందర్భాల్లోనూ ఏమవుతుందో విడివిడిగా చూడండి. బదిలీ దగ్గర మీ చట్టం మౌనంగా ఉందని సాధారణంగా ఇక్కడే తెలుస్తుంది.

రెండవది ప్రతిపక్ష నాయకుడి మీద పెట్టిన కేసు. దానిని ముందు అది నిజమైన నేరమనుకుని, తర్వాత పూర్తిగా కల్పిత ఆరోపణ అనుకుని రెండుసార్లు నడపాలి. మొదటిసారి నేరస్థుడు తప్పించుకోలేక, రెండవసారి అమాయకుడు బయటపడగలిగితే తలుపుల సంఖ్య సరిగా కుదిరినట్టు. రెండుసార్లూ ఒకే ఫలితం వస్తే ఉపసంహరణ నిబంధనల దగ్గరికి తిరిగి వెళ్లవలసిందే.

మూడవది ఎవరికీ పట్టని కేసు. రేవులో పనికోసం ఊరుకాని ఊరు నుంచి వచ్చి, చిన్న దొంగతనం అనుమానంతో పట్టుబడి, జామీను ఇచ్చేవారు లేక జైల్లో ఉన్న కూలీని తీసుకోండి. అతని తరఫున మాట్లాడేవారు లేరు, పత్రికలకు అతని పేరు తెలియదు. అరవయ్యో రోజున అతని ఫైలును తెరవవలసిన ఉద్యోగి ఎవరు, తెరవకపోతే ఎవరికి తెలుస్తుంది, తెలిసిన వారు ఎన్ని రోజుల్లో ఏమి చేయాలి? ఈ మూడు ప్రశ్నల ఎదురుగా ఒక పదవి పేరు, ఒక అంకె, ఒక పర్యవసానం రాసే వరకు ముసాయిదాను పూర్తయిందని పక్కన పెట్టకండి.